మిగతా ముఖం

మొదట్లో నా చేతిలో ఉన్నది సగం కెమెరా. మిగతా సగం మా చిన్నాన్న కొడుకుది. సోమవారం నుంచి గురువారం దాకా నాది, ఆ తర్వాత అతనిది. పెళ్ళిళ్ళన్నీ శుక్ర శనివారాల్లోనే వస్తాయి కాబట్టి ఆ పంపకంలో నేను మోసపోయానని తెలియడానికి నాకు ఏడాది పట్టింది. గుర్రం ప్రభుత్వ పొలానిది. ఫోటోలు కడిగే ఎర్రదీపం మా అమ్మ లాంతరుకు గుడ్డ చుట్టి చేసుకున్నది. ఇవి కాక తలలో ఓ పన్నెండు పద్యాలుండేవి. వాటిని సరుకు కింద జమ కట్టాలో వద్దో అప్పుడు తేలలేదు, డెబ్బై ఏళ్ళొచ్చి కోచ్‌కోర్ రోడ్డు పక్కన, సమాధిరాళ్ళు చెక్కే ఇసాబెక్ కొట్టంలో ముక్కాలిపీట మీద కూర్చున్న ఇప్పుడూ తేలలేదు. ఒళ్ళో పాత పేపర్లో చుట్టిన ఫోటో ఉంది. టక్, టక్, టక్. ఇసాబెక్ మొన సుత్తితో నల్లరాయి మీద ఉల్కాన్ నుదురు పొడుస్తున్నాడు. పొద్దున్నుంచీ నుదురే. ఆవిడ పోయి ఏడాది కావస్తోంది, శనివారం సంవత్సరీకపు విందు, ఆలోగా రాయి నిలబెట్టాలి. ఇద్దరికీ కలిపి ఒకే రాయి. ఎడమ సగం ఉల్కాన్‌కు, కుడి సగం నలభై ఒక్కేళ్ళ కిందట పోయిన ఆవిడ భర్త కాచ్‌కిన్‌కు. ఆయన ముఖం కోసమే నన్ను రమ్మన్నారు. కొడుకు తాలాయ్ పన్నెండింటికి వస్తానని ఫోన్ చేశాడు. గోడ గడియారం పదకొండు చూపిస్తోంది. ఈ గంటలో నేను తేల్చుకోవలసింది ఒక్కటే. ఒళ్ళో ఉన్న బొమ్మలోని ముఖం వాళ్ళ నాన్నది కాదని అతనికి చెప్పడమా, మానడమా.

కాగితమైతే ఇంత ఆలోచన ఉండేది కాదు. కాగితం మీద తప్పు జరిగితే జింకుతెలుపు ఒక చుక్క, మసి ఒక చుక్క, సన్నకుంచెతో రెండుసార్లు తాకిస్తే పోతుంది, జీవితమంతా అదే చేశాను. రాయి అలా కాదు. నల్లటి రాయి మీద సుత్తిమొన పడ్డచోట తెల్లగా అవుతుంది, పడనిచోట చీకటి అలాగే ఉంటుంది, మా నెగటివ్‌కు సరిగ్గా తిరగేత అన్నమాట, కానీ ఒకసారి తెల్లబడ్డ చుక్కను మళ్ళీ నలుపు చెయ్యడం ఎవడి తరమూ కాదు. అందుకే ఇసాబెక్ ఒక్కో దెబ్బకూ ఊపిరి బిగబడతాడు, దెబ్బ పడ్డాక వదులుతాడు, వదిలిన ఊపిరితోపాటు మాటలు కూడా వదులుతాడు. నన్ను బైకె అంటాడు, అంటే అన్నయ్యా అని.

"బైకె, ఆ మూట ఒక్కసారి విప్పండి. ముఖం చూస్తే ఎంత చోటు వదలాలో తెలుస్తుంది."

"తాలాయ్ రానీ."

"తాలాయ్ వచ్చి ఏం చెప్తాడు, గొర్రెల పళ్ళు చూసే డాక్టరు. బొమ్మ సంగతి మీకు తెలుసు, నాకు తెలుసు."

"ముందు ఆ నుదురు కానివ్వు. నువ్వు పొడిచే వేగానికి ఆవిడ ఇంకో ఏడాది పెద్దదయ్యేట్టుంది."

"ముడతలు బైకె, ముడతలు. ఒక్కో ముడతకు ముప్పై దెబ్బలు. అదే పడుచు ముఖమైతే మధ్యాహ్నానికల్లా..." అని నాలుక కరుచుకున్నాడు. "తౌబా, తౌబా. నోరు జారింది."

నవ్వాడు. నేనూ నవ్వాను. అతను పొడుస్తున్న బొమ్మ కూడా నేను తీసిందే, పింఛను కార్డు కోసం, గుమ్మం దగ్గర తెల్లగుడ్డ కట్టి. ఆ రోజు ఉల్కాన్ తలగుడ్డ మూడుసార్లు సర్దుకుంది, "బొమ్మలాయనా, ముడతలు తుడిచెయ్యకు, వాటికోసం చాలా కష్టపడ్డాను" అంది. నా పేరు సాతార్. ఆ నోటి వెంట ఆ పేరు నేనెన్నడూ వినలేదు. మా వైపు కోడలు భర్త పేరు పలకదు, భర్త వంశంలో మగవాళ్ళెవరి పేరూ పలకదు, తోడేలు అనే పేరున్న మామ ఉంటే తోడేలు గొర్రెను ఎత్తుకుపోయినా 'అరిచేది ఎత్తుకుపోయింది' అనాలి. నేను కాచ్‌కిన్‌కు నాలుగో తరంలో కలుస్తాను. కాబట్టి నేను బొమ్మలాయన్ని. కాచ్‌కిన్ అయితే పిల్లవాడి నాన్న. ఒకరి పేరు చెప్పకుండానే నలభై ఏళ్ళు వాళ్ళ గురించి మాట్లాడవచ్చని ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. పద్యాలు రాసేవాడికి అది పనికొచ్చే విద్యే, ఉచితంగా వచ్చింది.

టక్, టక్. కనుబొమకు వచ్చాడు. నా మొదటి కనుబొమ నాకు గుర్తుంది, ఒక సైనికుడిది, యుద్ధానికి వెళ్ళి తిరిగిరాని ఇరవై రెండేళ్ళవాడు. వాడి భార్య యాభై ఏళ్ళ మనిషై వేలెడంత ఫోటో పట్టుకొచ్చి, మమ్మల్నిద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టు అంది. కూర్చోబెట్టాను. తల్లీ కొడుకుల్లా ఉన్నారు. ఆవిడకు అలా అనిపించలేదు, గుండెలకు హత్తుకుని పట్టుకుపోయింది, మర్నాటి నుంచి మా ఇంటి ముందు ఆడవాళ్ళు బారులు తీరారు. అప్పటికి జిల్లాలో ఏ ఇంట్లో చూసినా ఒక గోడ ఖాళీ, ఒక మనిషి ఖాళీ. నేను ఆ ఖాళీలో వ్యాపారం పెట్టాను, అంతే. వేలెడు ముఖాన్ని జానెడు చేసేవాణ్ణి, కంబళి కోటు చెరిపి నల్లకోటు వేసేవాణ్ణి, జన్మలో టై ఎరగని కాపరులకు సగం జిల్లా మందికి నేనే టై కట్టాను, అందరికీ ఒకే టై, ఎందుకంటే నాకు ఒకే ముడి వెయ్యడం వచ్చు. పని పూర్తయ్యాక బొమ్మ వెనక పెన్సిల్‌తో నాలుగు పాదాలు రాసేవాణ్ణి, ఆ ముఖం పెద్దది చేస్తున్నంతసేపూ ఏం తోస్తే అది. రాసి, పైన అట్ట పెట్టి, దానిమీద గోధుమరంగు కాగితం మైదాజిగురుతో అంటించి మూసేసేవాణ్ణి. సంతకం పెట్టేవాణ్ణి కాదు. ఎవరూ అడగనిదాన్ని అంటగట్టడం వ్యాపారం కాదు. అట్ట వెనక పడుకున్న పద్యం ఎవరి నిద్రా చెడగొట్టదు కదా. అలా ఎన్ని ఇళ్ళలో ఎన్ని గోడలకు నా పద్యాలు వీపు ఆనించి పడున్నాయో, ఒకప్పుడు తెలుసు, ఇప్పుడు మర్చిపోయాను. ఉల్కాన్ బొమ్మ వెనక ఏం రాశానో అది కూడా గుర్తులేదు. ఏదో ఏరు గురించి రాశాను. ఏరు తప్పకుండా ఉండి ఉంటుంది.

ఎందుకంటే కాచ్‌కిన్ ఏట్లోనే పోయాడు. మే నెల, మంచు కరిగి ఏరు మట్టిరంగులో ఉబ్బింది, మందను దాటిస్తున్నాడు, చివరి గొర్రె కూడా ఒడ్డు చేరింది, ఆయనే చేరలేదు. మూడోరోజు దొరికాడు. చావుకు గుడారం వేశారు, లోపల ఆడవాళ్ళు గోడవైపు తిరిగి కూర్చుని ఏడుపు పాట ఎత్తుకున్నారు, మేం మగవాళ్ళం బయట కర్రల మీద వంగి నిలబడి వచ్చినవాళ్ళకల్లా గొంతెత్తి ఏడ్చాం. ఉల్కాన్‌కు ఇరవై నాలుగు, తాలాయ్‌కు ఏడాది. నలభై రోజులు గడిచాక వచ్చింది మా ఇంటికి, ప్రభుత్వ పొలంలో మేటి పాలమ్మాయిల ఫోటోలు పెట్టే గౌరవ పలక మీదనుంచి ఊడదీసిన తన ఫోటో పట్టుకుని. దాని మూలలకు ఇంకా మేకుల చిల్లులున్నాయి.

"మమ్మల్ని కలుపు, బొమ్మలాయనా."

"ఆయన ఫోటో?"

"నీ దగ్గరే ఉంది. పోయిన వేసవిలో తీశావు కదా, ఎనిమిదిమందినీ."

ఉంది. పైమేత మైదానంలో ఎనిమిదిమంది కాపరులు వరసగా, వెనక గుర్రాలు. ఎనిమిదిమంది అంటే నాతో కలిపి. కెమెరా రాయి మీద పెట్టి, దానంతట అది నొక్కుకునే మీట తిప్పి, పరుగెత్తి చివర నిలబడ్డాను, నా పక్కన కాచ్‌కిన్. మీట బుర్రుమంటుంటే ఆయన గుర్రం బెదిరి కళ్ళెం లాగింది. ఆయన తల తిప్పాడు. సరిగ్గా అప్పుడే టక్ మంది. నెగటివ్ మీద ఆయన చెవి ఉంది, దవడ ఉంది, టోపీ ఉంది. మిగతాదంతా పాలలో వేలు పెట్టి తిప్పినట్టు ఒక చుట్ట. జన్మంతటికీ ఆ మనిషి తీయించుకున్న ఒకే ఒక్క ఫోటోలో ఆయన గుర్రాన్ని చూస్తున్నాడు.

ఎలా ఉండేవాడో చెప్పమన్నాను. ముక్కు ఎలాంటిది, కళ్ళ కింద ఏముండేది. నాకు తెలియక కాదు, ముప్పైసార్లు చూసి ఉంటాను, కానీ చూసిన ముఖాన్ని కుంచెతో రప్పించడం వేరు, పక్కన ఉన్నవాళ్ళు చెప్తే చెయ్యి దారిలో పడుతుంది. ఆవిడ నేలచూపులు చూసింది. భర్త పేరే పలకని మనిషి భర్త ముక్కు గురించి పరాయి మగవాడితో ఏం చెప్తుంది? చివరికి, "బాగుండేవాడు" అంది. అంతే. లేచి వెళ్ళిపోయింది.

నేనొక్కణ్ణే కాదు, మాలో ఎవడైనా అదే పొరపాటు చేసేవాడు. మళ్ళీ అడగలేదు. విధవను రెండోసారి అడగకూడదు. ఆవిడ చెప్పదు, నేను అడగను, బొమ్మ ఇస్తానన్న గడువేమో దగ్గరపడుతోంది. పట్టపగలు కిటికీకి కంబళి కట్టి కూర్చున్నాను. పెట్టెలో ఉన్న ముఖాలన్నీ తీశాను. ఒకడికి వెలుతురు కుడినుంచి పడింది, ఒకడు మరీ నిండుగా ఎదురు చూస్తున్నాడు, ఒకడు సరిపోయాడు కానీ వాడు బతికే ఉన్నాడు, పైగా పక్క ఊరే. అదే వెలుతురు, అదే దూరం, తల అదే వంపు, కళ్ళ మీద టోపీ నీడ అంతే మేర, ఇవన్నీ కలిసిన ముఖం ఒక్కటే ఉంది, అదే నెగటివ్‌లో, ఆయన పక్కనే. నాది. వాడితే కుంచెపని సగానికి సగం తగ్గుతుంది. ఆ రోజు నేను చూసింది అదే, సగం పని. ఆయన చెవి ఉంచాను, దవడ ఉంచాను, టోపీ ఉంచాను. మధ్యలో నన్ను పెట్టాను. మీసం దిద్దాను, ఆయనకు ఉండేది, నాకు లేదు. ముక్కు కొంచెం వెడల్పు చేశాను, కొంచెమే. నల్లకోటు, టై. పక్కన పాలమ్మాయిల పలక మీది ఉల్కాన్, మేకుల చిల్లులు పూడ్చేసి. ఆరబెట్టాక చూస్తే పనితనం బాగుంది, నా చేతి నుంచి వచ్చినవాటిలో అతుకు కనపడని బొమ్మ అదొక్కటే. అతుకు ఎందుకు కనపడలేదో దాని గురించి ఎక్కువ ఆలోచించలేదు. పద్యం రాశాను, అట్ట పెట్టాను, మూసేశాను. అలవాటు ప్రకారం ఇంకో ప్రతి తీసి నా పెట్టెలో పడేశాను.

"చాయ్ పొయ్యనా బైకె?"

"పొయ్యి."

పోశాడు. కప్పు అడుగున కొంచెమే, మర్యాద ప్రకారం, మళ్ళీ పొయ్యడానికి వీలుగా. రాతిపొడి పైన తేలుతోంది. నిండా పోస్తే వెళ్ళిపొమ్మని అర్థం. ఉల్కాన్ ఎప్పుడూ నాకు అడుగు తడిసేలానే పోసేది. బొమ్మ ఇవ్వడానికి వెళ్ళిన రోజున కూడా. రెండు చేతులతో అందుకుంది, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసింది, నేను చూస్తున్నది ఆవిడ భుజాలవైపు, సరుకు నచ్చనివాళ్ళ భుజాలు ముందు చెప్పేస్తాయి. భుజాలు కదల్లేదు. తర్వాత కొంచెం వణికాయి. అది ఏడుపు. ఏడుపంటే పని కుదిరిందనే మా వృత్తిలో. గుమ్మానికి ఎదురుగోడకు, పెద్దల చోటుకు పైన తగిలించింది. నన్ను దాని కిందే కూర్చోబెట్టింది. ఆ తర్వాత ఎప్పుడు వెళ్ళినా అక్కడే. వయసులో పెద్దవాళ్ళు ఉన్నా సరే, "బొమ్మలాయన అక్కడ కూర్చుంటాడు" అనేది. తను గుమ్మం దగ్గర, చాయ్ నీళ్ళు కాగే సమోవార్ పక్కన. అంటే ఆవిడకు ఎదురుగా నేను, నా తల మీద బొమ్మ. ఆ ఇంట్లో ఆ రెంటినీ ఒకేసారి చూడలేనివాణ్ణి నేనొక్కణ్ణే. చాయ్ పోస్తూ ఒక్కోసారి చూపు నా మీదనుంచి పైకి వెళ్ళేది, పైనుంచి నా మీదకు దిగేది, నేను మాత్రం మంద లెక్కలో ఏదో మర్చిపోయి గుర్తు చేసుకుంటోంది అనుకునేవాణ్ణి. నా భార్య సాయ్రా ఆ ఇంటికి ఒక్కసారే వచ్చింది. తిరుగుదారిలో ఒక్క మాట మాట్లాడలేదు. తలనొప్పి అనుకున్నాను.

ఆవిడకు తెలుసా, తెలియదా. ఆ బొమ్మ దగ్గర కొడుక్కి తల దువ్వేది. బడికి వెళ్తూ 'నాన్నకు చెప్పిరా' అనేది, వాడు నాకు చెప్పి వెళ్ళేవాడు, నాకు అంటే గోడ మీద నాకు, కింద కూర్చున్న నాకు కాదు. మరిది పెళ్ళాడతానంటే 'పిల్లవాడి నాన్న చూస్తున్నాడు' అని ఆ గోడ చూపించి పంపేసింది. నేను టై కట్టిన ఆ కాగితం ఒక ఇంటిని కాపలా కాసింది. తెలిసి కాయించుకుందా, తెలియకా? తెలిస్తే ఒక రకం, తెలియకపోతే ఇంకొకటి, అడిగితే రెండూ పోతాయి. అడగని సరుకుకు ధర ఉండదు, అలాగే వదిలేశాను.

మిగతా జీవితం చెప్పడానికి చిన్నది. పద్యాలు జిల్లా పత్రికలో వచ్చేవి, నాలుగో పేజీ మూల, ఉన్ని దిగుబడి లెక్కల కింద, ఉన్ని ఎక్కువైన వారం రెండు పాదాలు కోసేసేవారు. కోసినా అర్థం చెడేది కాదు, అది నాకు పొగడ్తో తిట్టో తెలియలేదు. నలభై ఎనిమిది పేజీల పుస్తకం అచ్చుకు కూర్చారు. అచ్చు వెయ్యబోయే శరదృతువులో దేశం ముక్కలై పోయింది, దేశంతోపాటు కాగితం పోయింది, కూర్చిన సీసపు అక్షరాల్ని కరిగించి ఎవరో వేటకు తుపాకీ గుళ్ళు పోసుకున్నారు. పద్యాలతో కొండగొర్రెల్ని కొట్టిన జిల్లా మాదొక్కటే అయ్యుంటుంది. నేను ఏడవలేదు. బజారులో కొట్టు పెట్టాను, కొండల పైనుంచి ఉన్ని దించాను, చైనా థర్మాసులు పైకి ఎక్కించాను, కొత్త దేశం వచ్చింది కాబట్టి అందరికీ కొత్త పాస్‌పోర్టులు కావాలి, అందరి ముఖాలూ మళ్ళీ తీశాను, టై లేకుండా. థర్మాసు కొన్నవాళ్ళు వేడి నిలబడట్లేదని వెనక్కి తెచ్చేవారు. బొమ్మను వెనక్కి తెచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు. పద్యం గురించి వచ్చి ఏమైనా అన్నవాళ్ళు అసలే లేరు.

సుత్తి ఆగింది. ఎందుకు ఆగిందా అని చూస్తే ఇసాబెక్ నా ఒళ్ళోంచి మూట ఎప్పుడు తీసుకున్నాడో తీసుకున్నాడు, పేపరు విప్పి వెలుతురుకు పట్టుకున్నాడు. పదకొండున్నర. రోజంతా ముఖాల్ని చుక్క చుక్కగా చదివేవాడు అతను. బొమ్మ చూశాడు. నన్ను చూశాడు. మళ్ళీ బొమ్మ.

"చెవి వేరే," అన్నాడు.

"ఏంటి?"

"చెవి ఒకరిది, ముక్కు ఒకరిది. బైకె, తల ఒక్కసారి ఇలా తిప్పండి. కొంచెం. టోపీ తియ్యండి."

"నీ పని చూసుకో."

"నా పనే ఇది. రేపు రాయి నిలబెట్టాక ఎవడో వచ్చి, ఒరేయ్ ఇసాబెక్, బతికున్నవాణ్ణి పాతిపెట్టావేంట్రా అంటే నేనేం చెప్పాలి?" నవ్వుతూ అన్నాడు గానీ సుత్తి తిరిగి ఎత్తలేదు. "తాలాయ్‌కు తెలుసా?"

తెలియదన్నాను. అతను ఈలలాంటి ఊపిరి వదిలి గుమ్మంలోకి వెళ్ళి సిగరెట్ ముట్టించుకున్నాడు. జేబులో చెయ్యి పెట్టాను. అక్కడ నెగటివ్ ముక్క ఉంది, ఎనిమిదిమందిది, పొద్దున పెట్టెలోంచి తీసి పెట్టుకున్నాను. చెప్పేటట్టయితే రుజువు ఉండాలి. చెప్తే ఏమవుతుంది? నలభై రెండేళ్ళ మనిషికి తండ్రి పోతాడు, రెండోసారి, ఈసారి ఏరు కాదు, నేను. చెప్పకపోతే? మట్టిలో కాచ్‌కిన్, మట్టి మీద నేను, మంచు కురిసినా ఎండ కాసినా వందేళ్ళు, వాళ్ళ మనవలు వచ్చి నా ముక్కు ముందు అరచేతులు చాపి దువా చేసుకుంటారు. చనిపోయినవాడి దగ్గర ఒక్కటే మిగిలింది, గుర్తు, అది కూడా నేను తీసుకున్నట్టవుతుంది. అటూ ఇటూ తూచి చూశాను. సమానంగా లేదు. చెప్పాలి. బయట కారు ఆగింది.

తాలాయ్ లోపలికి వచ్చేసరికి మందుల వాసన ముందు వచ్చింది, ఏ మందనుంచో నేరుగా వస్తున్నాడు. రెండు చేతులతో నా చెయ్యి పట్టుకున్నాడు.

"సలాం సాతార్ బైకె. మోకాళ్ళెలా ఉన్నాయి? సాయ్రా అక్క బాగుందా? నడిచొచ్చారా, నేను వచ్చేవాణ్ణి కదా." అంటూనే బల్ల మీది బొమ్మ చూశాడు. "ఇదెందుకు తెచ్చారు?"

"నాన్న ఫోటో తెమ్మన్నావు."

"ఇది మా ఇంట్లోనే ఉంది కదా. నేనడిగింది నాన్నది."

ఇసాబెక్ సిగరెట్ నోట్లోనే ఉండిపోయింది.

"తాలాయ్, కూర్చో. నీకొకటి చెప్పాలి. ఇందులో ఉన్నది..."

"మీరు," అన్నాడు తాలాయ్. "తెలుసు."

ఎప్పట్నుంచి అని అడిగినట్టున్నాను.

"గడ్డం మొలిచినప్పట్నుంచి. అద్దంలో చూసుకుంటే నేను నాన్నలా లేను. గోడ చూస్తే నాన్న మీలా ఉన్నాడు. అమ్మనడిగాను. 'ఇప్పటికి కళ్ళు తెరుచుకున్నాయా, పోయి దూడను కట్టెయ్' అంది."

"ఊళ్ళో?"

"ఊళ్ళో అందరికీ తెలుసు. మీరు చాయ్ తాగి వెళ్తుంటే పక్కింటి బూరుల్ అవ్వ ఏమనేదో తెలుసా? 'గోడ మీదాయన దిగి వెళ్తున్నాడు, కుక్కను పట్టుకోండ్రా' అనేది."

ఇసాబెక్ పగలబడి నవ్వాడు, పొగ అడ్డంపడి దగ్గాడు, గోడ పట్టుకుని మళ్ళీ నవ్వాడు.

"మరి నాకు ఒక్కరూ చెప్పలేదే."

"మీకు చెప్పడమేంటి బైకె, చేసింది మీరే కదా."

నలభై ఏళ్ళు ఒక్కణ్ణే మోస్తున్నాననుకున్న బరువుకు ఊరంతా తలా ఒక చెయ్యి వేసే ఉందన్నమాట, మర్యాదకు పైకి అనలేదు. అమ్మను ఎవరైనా ఏమైనా అన్నారా అని అడిగాను. "ఏమంటారు? మిమ్మల్ని కూర్చోబెట్టింది అందరూ చూసే చోటే" అన్నాడు. ఆ తర్వాత నేల చూస్తూ, నేర్చుకున్న పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు, ఆవిడ పోయేముందు చెప్పిన మాట. "గోడకు ఆ ముఖం చాలింది. మట్టికి మాత్రం మీ నాన్న ముఖమే పెట్టు. అది బొమ్మలాయన దగ్గరుంది, ఎంతుంటే అంతే పెట్టమను."

జేబులోంచి నెగటివ్ తీశాను. గుమ్మంలోకి వెళ్ళి ఆకాశానికి పట్టి చూపించాను. ఎనిమిదిమంది, నల్లటి ముఖాలు, తెల్లటి నీడలు. చివరినుంచి రెండోవాడు. తాలాయ్ ఒక కన్ను మూసి చాలాసేపు చూశాడు. చెవి. దవడ. చుట్ట. అతని దవడ కొంచెం కదిలింది, అదే దవడ.

"గుర్రాన్ని చూస్తున్నాడు," అన్నాడు.

"అవును."

"మంచిదే. ఆయనకు గుర్రాలంటే ఇష్టమని అమ్మ చెప్పేది."

ఇసాబెక్ తల పట్టుకున్నాడు. మసకను రాతి మీద ఎలా కొట్టాలి, నాకు ముక్కు కావాలి, కన్ను కావాలి, చూసినవాళ్ళు నా చెయ్యి వణికిందనుకుంటారు అన్నాడు. ఈ పని నాకు తెలుసు. చెవి దగ్గర చుక్కలు దగ్గర దగ్గరగా వెయ్యి, దవడ అంచున గట్టిగా, అక్కడనుంచి లోపలికి పోనుపోను దూరం దూరంగా, దెబ్బ తేలిగ్గా, తల తిరిగే వైపుకే వాలుగా, చివరికి రాయిని రాయిలా వదిలెయ్ అన్నాను. వెయ్యనిచోటును నమ్ము అన్నాను. అతను నన్ను అనుమానంగా చూసి, సుద్దముక్కతో రాయి కుడి సగాన ఒక చెవి గీశాడు.

తాలాయ్ కారు దగ్గరికి వెళ్ళి తలగుడ్డలో చుట్టినదొకటి తెచ్చాడు. పాత బొమ్మ, చట్రంతో సహా. "అమ్మ ఇది మీకిమ్మంది." నా ఒళ్ళో పెట్టాడు. ఇరవై ఎనిమిదేళ్ళ నేను, పక్కన ఇరవై నాలుగేళ్ళ ఉల్కాన్, ఒకే చట్రంలో, ఆ టైతో. నలభై ఏళ్ళు నా తల మీద వేలాడినదాన్ని మొదటిసారి తీరిగ్గా ఎదురుగా చూశాను. అతుకు ఇప్పటికీ కనపడలేదు. అలవాటు కొద్దీ తిప్పి వెనకవైపు చూశాను, జిగురు ఎలా నిలిచిందా అని. గోధుమరంగు కాగితం నేను అంటించింది కాదు. నాది ఒక పొర. దీనికి అంచున పొరలు పొరలుగా మైదాజిగురు కట్టి ఉంది, పసుపుది, దాని మీద తెల్లది, దాని మీద ఇంకా తెల్లది, కోసి మళ్ళీ అంటించి, కోసి మళ్ళీ అంటించి. ఎన్నిసార్లో పొరల్ని బట్టి చెప్పవచ్చు, గోరుతో పదిదాకా గుర్తుపట్టి వదిలేశాను. ఆఖరి పొర ఉల్కాన్ అంటించలేదు, మడిచి వదిలేసింది. అట్ట పైకెత్తాను.

ఏరు దాటని మనిషి గుర్రం వైపు తిరిగాడు,
వెలుతురుకు దొరికింది చెవీ దవడా మాత్రమే.
మిగతాచోట నా దగ్గరున్నదే పెట్టాను,
తప్పైతే నీ చూపుతో చెరిపేసుకో.

ఇంత పచ్చిగా రాసి మూసేశానా. నా పెన్సిల్ పాలిపోయింది. దాని కింద ఇంకో పెన్సిల్, నల్లగా, బడిలో నేర్పే గుండ్రటి అక్షరాలు, పద్యం కింద రాసినవాడి పేరు ఉండాల్సిన చోట ఒక్క మాట. సాతార్. పలకకూడదని ఉంది కానీ రాయకూడదని ఎవరూ అనలేదు.

టక్, టక్. చెవి మొదలుపెట్టాడు. అట్ట మూసి, తలగుడ్డ మళ్ళీ చుట్టాను. ఎక్కడ మొదలైందో అక్కడికి వచ్చి చూసుకుంటే కెమెరా పోయింది, గుర్రం నాది కాదు, పుస్తకం గుళ్ళయింది, రాతి మీద నాకు చోటు రాలేదు, రాకూడదు కూడా. పన్నెండు పద్యాలు సరుకేనా కాదా అన్నది మాత్రం ఈ మధ్యాహ్నం తేలింది. సరుకే. ఒకటి అమ్ముడుపోయింది. కొన్నది ఒక్కరే, నలభై ఏళ్ళు వాడుకుని, చిరగకుండా, పేరు రాసి వెనక్కి పంపారు.